జ్వరంతో డ్యూటీకి రాకండి

ఈ రోజు పట్టాలు అందుకున్న డాక్టర్లకు, నర్సులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు, మిమ్మల్ని ఇంతవాళ్లను చేసి వెనక వరుసల్లో కూర్చున్న అమ్మానాన్నలకు నా అభినందనలు. ఇలాంటి రోజున చెప్పాల్సిన మంచి మాటలన్నీ ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నేను ఒక్క విషయమే ఎత్తుకుంటాను. కోవిడ్ కాలంలో ఏటా వచ్చే ఫ్లూ ఎటు పోయింది? అది పోయిన తీరు చూసి కూడా మనం ఎందుకు మారలేదు?

ముందు జరిగిందేమిటో చూడండి. ఆస్ట్రేలియా, చిలీ, దక్షిణాఫ్రికా దేశాల్లో ఏప్రిల్ నుంచి జూలై దాకా ఫ్లూ జోరుగా ఉండాలి. 2020లో ఆ నాలుగు నెలల్లో మూడు దేశాల్లో కలిపి 83,307 నమూనాలు పరీక్షిస్తే, ఫ్లూ తేలినవి 51. అంతకుముందు మూడేళ్లలో అవే నెలల్లో నూటికి దాదాపు 14 నమూనాల్లో కనిపించేది. అమెరికాలో 2019-20 ఫ్లూ కాలంలో దాదాపు 200 మంది పిల్లల్ని ఆ జబ్బు పొట్టనబెట్టుకుంది. మరుసటి ఏడాది అక్కడ నమోదైన పిల్లల మరణం ఒక్కటి. ఏటా 2,90,000 నుంచి 6,50,000 మంది ప్రాణాలు తీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసే జబ్బు ఇది. ఆ ఏడాది అది తగ్గడానికి కారణం కొత్త మందూ కాదు, కొత్త టీకా కూడా కాదు. మారింది మనుషులు మసలుకున్న తీరు.

ఈ మాట అనగానే లాక్‌డౌన్ వల్లే అంటారు. అందుకే హాంకాంగ్ సంగతి చూడాలి. 2020 జనవరి, ఫిబ్రవరి నెలల్లో అక్కడ మన దగ్గర పెట్టినటువంటి లాక్‌డౌన్ లేదు. బడులు మూశారు, జనం తమంతట తామే మాస్కులు కట్టుకున్నారు, గుంపుల్లోకి వెళ్లడం తగ్గించారు. అంతకుముందు ఒక ఫ్లూ రోగి సగటున 1.28 మందికి అంటిస్తుంటే, ఆ కొద్ది వారాల్లో అది 0.72కు పడిపోయింది. అంటే 44 శాతం తగ్గుదల. గతంలో అదే ఊళ్లో 2009 ఫ్లూ మహమ్మారికీ, 2018 చలికాలపు ఫ్లూకీ బడులు మూసినప్పుడు తగ్గింది 10 నుంచి 16 శాతం లోపే. మిగిలిన తగ్గుదలలో ఎక్కువ భాగం పెద్దవాళ్ల నడవడి వల్ల వచ్చిందేనని నేను నమ్ముతాను. కోవిడ్ మొదటి రకం ఒక రోగి నుంచి రెండున్నర, ముగ్గురికి పాకేది. దాన్ని అణచాలంటే అంటుకునే అవకాశాల్లో దాదాపు మూడింట రెండు వంతులు తెగిపోవాలి. ఫ్లూకు నాలుగో వంతు తెగితే చాలు. ఫ్లూ తడికట్టెల పొయ్యి లాంటిది, ఎవరో ఒకరు ఊదుతూ ఉంటేనే మండుతుంది. కోవిడ్ కోసం మనం చేసినవి కోవిడ్‌ను అరకొరగానే ఆపి, ఫ్లూను దాదాపు తుడిచిపెట్టింది అందుకే.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, అవి తీసిపారేసేవి కావు. మొదటిది, ఆస్పత్రులన్నీ కోవిడ్ హడావుడిలో ఉంటే ఫ్లూను వెతికిందెవరు అనేది. వెతికారు. అమెరికాలో 2020 సెప్టెంబరు చివర నుంచి మరుసటి మే దాకా ఫ్లూ కోసం చేసిన పరీక్షలు 8 లక్షలు దాటాయి. ఫ్లూ బయటపడింది వెయ్యికి ఇద్దరిలో. పైగా మామూలు జలుబు తెచ్చే రైనో వైరస్ చాలా చోట్ల తగ్గినట్టే తగ్గి, ఆంక్షలు సడలగానే మళ్లీ కనిపించింది. దానికి కొవ్వు పొర ఉండదు కాబట్టి శానిటైజర్‌కు అంత తేలిగ్గా లొంగదు. అంటే ల్యాబులు గుడ్డివైపోలేదు, ఉన్న వైరస్‌ను పట్టుకుంటూనే ఉన్నాయి. రెండోది, కోవిడ్ వైరస్సే ఫ్లూను పక్కకు నెట్టేసిందన్న వాదం. ఒక వైరస్ ఉన్న చోట ఇంకోటి నిలదొక్కుకోలేకపోవడం నిజంగా ఉన్నదే. కానీ నేను చెప్పిన వారాల్లో హాంకాంగ్‌లో, ఆ చలికాలంలో న్యూజీలాండ్‌లో కోవిడ్ చాలా తక్కువ. ఊళ్లో లేని వైరస్ ఫ్లూను నెట్టడం ఎలా కుదురుతుంది? మూడోది గట్టిది. సరిహద్దుల మూత, బడుల మూత, మాస్కు, చేతులు కడుక్కోవడం అన్నీ ఒకేసారి జరిగాయి కదా, ఏది ఎంత పని చేసిందో ఎవరు తేల్చారు? నిజమే, పాళ్లు పంచి చెప్పడం కుదరదు. న్యూజీలాండ్‌లో జూన్‌లో లోపలి ఆంక్షలన్నీ ఎత్తేసినా ఫ్లూ రాలేదంటే, ఆ ఘనత ఎక్కువగా మూసిన సరిహద్దులదే. అందుకే ఒక్క మాస్కునే దేవుణ్ని చేసి మీకు చూపించను. నాలుగో వంతు తగ్గించడానికి చిన్న చిన్న పనులు కొన్ని కలిస్తే చాలన్నదే నా వాదన.

ఇక్కడ యమగాటా సంగతి చెప్పకుండా ఉండలేను. ఫ్లూ బి రకంలో రెండు శాఖలుంటే, అందులో ఒకటైన యమగాటా 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా రూఢిగా దొరకలేదు. 2017-18లో అది విపరీతంగా పాకింది కాబట్టి చాలామందికి అప్పటికే రోగనిరోధక శక్తి వచ్చి, దాని బలం తగ్గి ఉండవచ్చు. ఆ బలహీనతకు తోడు మనుషులు ఇంటిపట్టున ఉండిపోయారు. టీకాలో ఇక దాన్ని కలపనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబరులో సలహా ఇచ్చింది. ఏళ్ల తరబడి మనల్ని పట్టి పీడించిన ఒక వైరస్ శాఖ, దాన్ని తుదముట్టించాలని ఒక్క కార్యక్రమమూ పెట్టకుండానే కనుమరుగైంది!

ఫ్లూను వాయిదా వేశారంతే, తర్వాత రెట్టింపై వచ్చింది కదా అంటారు. వచ్చింది. 2022లో ఆస్ట్రేలియాలో ఫ్లూ ముందే విరుచుకుపడింది. అదే ఏడాది చివర అమెరికాలో ఆర్‌ఎస్‌వీ అనే శ్వాసకోశ వైరస్, ఫ్లూ కలిసి పిల్లల ఆస్పత్రుల్లో పడకలు నింపేశాయి. రెండేళ్లపాటు ఈ వైరస్‌లకు దూరంగా పెరిగిన పిల్లలు ఒక్కసారిగా జబ్బుపడ్డారన్నది కాదనలేం. అయితే ఆర్‌ఎస్‌వీ అన్నిటికంటే ప్రమాదకరంగా ఉండేది పుట్టిన మొదటి నెలల్లో. ఆ నెలలు గడిచాక వస్తే బిడ్డకు అదే పెద్ద మేలు. ఇక ఫ్లూ విషయంలో రోగనిరోధక శక్తి కోసం జబ్బే పడాలని మొండికేయనక్కరలేదు, టీకా ఉంది. అంతకంటే నన్ను బాధపెట్టే అభ్యంతరం, మనం చెల్లించిన మూల్యం గురించి. మండుటెండలో పిల్లల్ని భుజాన వేసుకుని వందల కిలోమీటర్లు నడిచిన వలస కూలీలను ఈ దేశం చూసింది. ఎంతోమంది పిల్లలు చదువు పోగొట్టుకున్నారు. ఫ్లూ కోసం మళ్లీ బడులు మూయమని అడిగే హక్కు ఎవరికీ లేదు, నేను అడగను. కానీ ఆ పెద్ద పనులను వదిలేస్తూ, పైసా ఖర్చు లేని చిన్న పనులను కూడా వాటితోపాటే పారేశామే, అదే నా కడుపుమంట.

మన దేశంలో 2009 నాటి మహమ్మారి ఫ్లూ హెచ్1ఎన్1 మొదటి కేసు తేలింది హైదరాబాద్‌లో, అమెరికా నుంచి విమానం దిగిన ప్రయాణికుడిలో. ఆ వైరస్ సంతతే ఇప్పుడు మనకు ఏటా వచ్చే ఫ్లూల్లో ఒకటి. 1968 మహమ్మారి మిగిల్చిన హెచ్3ఎన్2 ఇంకొకటి, 2023 మొదట్లో దేశమంతా దగ్గించింది అదే. చలి దేశాల్లోలాగా కాకుండా, మన దగ్గర ఫ్లూ ముసురు పట్టాకే ఎక్కువవుతుంది. జూలై చివర ఏ ఓపీ వరండాలోనైనా నిలబడి చూడండి. ఒకే బెంచీ మీద జ్వరంతో వేడెక్కిన పసివాణ్ని ఒళ్లో వేసుకున్న తల్లి, ఆమె పక్కన ఆయాసంతో భుజాలు ఎగరేస్తున్న తాత, ఆ పక్కన ఏడో నెల గర్భిణి. జల్లు కొడుతోందని కిటికీలు మూసేసి ఉంటాయి. లోపల కుర్చీలో ఉన్న హౌస్ సర్జన్ పొద్దున్నే పారాసిటమాల్ వేసుకుని, ముక్కు తుడుచుకుంటూ నూట ఇరవయ్యో చీటీ రాస్తుంటారు. ఆ వరండాలో తాతను కాపాడాల్సిన వాళ్లే తాతకు జబ్బు అంటిస్తారు.

అమ్మా, బాబూ, మీ మీద ప్రేమతోనే కోప్పడుతున్నాను. జ్వరంతో డ్యూటీ చేయడం నిష్ఠ అని మీకు నేర్పిందెవరు? మేమే, మీ పైవాళ్లమే. జ్వరమొచ్చి ఇంట్లో ఉన్న పిల్లను బద్ధకస్తురాలన్నాం, నూటరెండు జ్వరంతో రౌండ్స్‌కు వచ్చినవాణ్ని అందరి ముందూ మెచ్చుకున్నాం. హాజరు శాతం తగ్గితే పరీక్ష రాయనివ్వమన్నాం. ఫ్లూ మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువగా అంటుకుంటుందని మీకు తెలుసు, పరీక్షల్లో రాశారు కూడా. తెలిసి తెలిసి ఐసీయూలో అడుగుపెట్టడాన్ని త్యాగమనుకోకండి. టీకా సంగతి సరేసరి. రోగులకు చెప్పే నోటితోనే మీరు ఎంతమంది వేయించుకున్నారో చెప్పండి. మనకు ఏప్రిల్, మే నెలల్లో, వానలకు ముందే వేయించుకోవాలి.

యాజమాన్యాలను, అధికారులను నేను అడిగేది కూడా ఇదే. జ్వరానికి తీసుకున్న సెలవుకు హాజరులో కోత వేయకండి. ఓపీలో దగ్గేవారికి విడిగా ఒక బెంచీ, చేతికి ఒక మాస్కు ఇప్పించండి. జల్లు పడని వైపు కిటికీలు తెరిపించండి. ఇక మీలో రేపు పీహెచ్‌సీలకు, వార్డులకు బాధ్యులయ్యేవారు చాలామంది ఉన్నారు. డ్యూటీ చార్టు మీరే వేస్తారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ప్రతి షిఫ్టుకూ ఒక పేరు అదనంగా రాసి ఉంచండి. పొద్దున్నే ఎవరైనా ఫోన్ చేసి ఒళ్లు కాలిపోతోందంటే, ఆ రెండో పేరుకు ఫోన్ చేయండి.