మసక వెలుగు – ఆలస్యమయ్యే చూపు



చీకటి పడే వేళ మా హోసూరు వైపు రోడ్ల మీద రాగి గడ్డి వేసుకుని ట్రాక్టర్లు పోతుంటాయి. వెనక ఎర్రదీపం ఉంటుంది, కానీ దాని గాజు నిండా దుమ్ము. "దీపం వెలుగుతోంది కదా సార్, వెనకవాళ్లకు కనబడదా?" అంటారు. కనబడుతుంది. ఎంత త్వరగా కనబడుతుందన్నదే ప్రశ్న.

ముందు ఒక చిన్న పరీక్ష చేద్దాం. మీ అబ్బాయిని స్కేలు పై కొన పట్టుకోమనండి. కింద సున్నా గీత దగ్గర మీ వేళ్లు తెరిచి ఉంచండి. చెప్పకుండా వదలమనండి. ఇరవై సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారంటే, కన్ను చూసి చెయ్యి కదలడానికి సెకనులో అయిదో వంతు పట్టిందన్నమాట. ఇదే పరీక్ష మసక వెలుతురులో పదిసార్లు చేయండి. స్కేలు సాధారణంగా ఇంకొంచెం జారిపోతుంది.

కారణం ఏమిటి? వెలుగు తగ్గినకొద్దీ కంటి లోపలి పొర మెదడుకు కబురు పంపడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు హెన్రీ పియెరాన్ 1914లో దీని లెక్క తేల్చారు. మసక దీపాన్ని కాస్త పెంచితే ఆలస్యం బాగా తగ్గుతుంది. బాగా వెలిగే దీపాన్ని ఇంకా పెంచితే మాత్రం పెద్ద లాభం లేదు.

మరి మెరుపు ఎంతసేపు ఉండాలి? సుమారు సెకనులో పదోవంతు లోపల కన్ను వెలుగును కూడబెట్టుకుంటుంది. సగం వెలుగు రెట్టింపు సేపు ఉంటే, రెండూ ఒకేలా తోస్తాయి. దీనిని 1885లో బ్లాక్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పారు. అందువల్ల మసక మెరుపు మరీ క్షణికమైతే మరింత ఆలస్యంగా తెలుస్తుంది. అయితే ఒక హద్దు దాటాక, ఎంతసేపు వెలిగినా చెయ్యి అంతకన్నా త్వరగా కదలదు.

సెకనులో పదోవంతు ఒక లెక్కా అనుకోవద్దు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ కాస్తలో అయిదున్నర అడుగులు ముందుకు వస్తుంది. అంతలోనే ప్రాణం ఉండవచ్చు, పోవచ్చు.

కాబట్టి రైతు సోదరులారా, బండి తీసే ముందు వెనక దీపాన్ని, రిఫ్లెక్టరును గుడ్డతో తుడవండి. రాత్రి నడిచేవారు టార్చిని ఒక్కసారి మిణుక్కుమనిపించి ఆర్పకండి, వెలిగించే ఉంచండి. ఖర్చు లేని పని ఇది. వెనక వచ్చేవాడికి మీరిచ్చే కాస్త సమయం, మీకే రక్షణ.