పప్పు జల్ది ఉడికే నీళ్లు

(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు ఏ ఊరికి పోయినా మాకు ఒకటే మాట వినిపిస్తుంది: "మా బోరు నీళ్లు మంచిగుంటయి, పప్పు జల్ది ఉడుకుతది, సబ్బు నురుగు బాగొస్తది." భయపడాల్సింది ఆ నీళ్లకే. గిన్నెకు తెల్లపొర కడితే అది ఫ్లోరైడ్ అనుకుని ఆ నీళ్లు పారబోస్తాం. ఆ పొర సున్నానిది. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, నాలుకకు తెలియదు.

మన గ్రానైట్ రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ను కొంతవరకు పట్టి అడుగుకు దించుతుంది. మన ఎండలకు ఆ కాల్షియం నేలలోనే సున్నపు గడ్డలుగా గట్టిపడుతుంది. నీళ్లలో సోడియం, బైకార్బొనేట్ మిగులుతాయి. ఇక ఫ్లోరైడ్‌ను ఆపేది ఏదీ?

సముద్రాన్ని చూడండి. లీటరుకు 35 గ్రాముల ఉప్పు, నోట్లో పెట్టలేం. దానిలో ఫ్లోరైడ్ మాత్రం సుమారు 1.3 మిల్లీగ్రాములే. తాగే నీటికి హద్దు 1.5. తియ్యగా ఉండే మన బోర్లు ఎన్నో ఆ హద్దు దాటినవే. అందుకే నీళ్ల డబ్బాలవాళ్లు పెన్నులాంటి మీటరు ముంచి "టీడీఎస్ తక్కువ" అంటే నమ్మకండి. అది ఉప్పుల మొత్తాన్ని చెబుతుంది, ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. మరగబెట్టినా పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. కుండలో సున్నం వేసుకున్నా హద్దులోకి దిగదు.

బట్లపల్లిలో ఈ జబ్బును 1945లోనే గుర్తించారు. తర్వాత నాగపూర్ నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిని శుద్ధిచేసే పద్ధతి కనిపెట్టి దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారు. పేరు మనకు దక్కింది! కాని ఫ్లోరైడ్, బైకార్బొనేట్ పెరిగేకొద్దీ పటిక ఎక్కువ పోయాలి, అడుగున మడ్డి తీయాలి, రోజూ కొలవాలి. ఊళ్లో ఆ పని ఎవరు చేస్తారు?

2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది, కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాయి. మంచిదే. కాని నాట్లకు, కలుపుకు పోయిన కూలీలు మధ్యాహ్నం తాగేది బోరు నీళ్లే, పశువులు తాగేదీ అవే. నల్లా రెండు రోజులు ఆగితే ఇల్లంతా మళ్లీ బోరు దగ్గరికే.

నల్లగొండైనా పాలమూరైనా, పొలానికీ ఇదే లెక్క. కాల్షియం, మెగ్నీషియం కంటే బైకార్బొనేట్ మిగులు 2.5 దాటిన నీళ్లు ఏళ్లతరబడి పారిస్తే నేల కారుచౌడు అవుతుంది. మట్టి పరీక్ష చేయించి జిప్సం వేసి, నీరు నిలిపి, బయటికి తీసి, జీలుగ చల్లాలి. జిప్సం నేలను బాగుచేస్తుంది, తాగే నీటిని కాదు. ఈ రెండూ కలిపి చెప్పేవాళ్లున్నారు, జాగ్రత్త.

మన డిమాండ్ ఒక్కటే. ప్రతి సాగు బోరుకూ ఫ్లోరైడ్, కాల్షియం, బైకార్బొనేట్ మూడూ పరీక్షించి ఆ కాగితం రైతు చేతిలో పెట్టాలి. వచ్చే నెల కూటానికి ఊరికి రెండు బోర్ల నీళ్లు తెండి. మోటారు పది నిమిషాలు నడిచాక పట్టండి. ప్లాస్టిక్ సీసాలోనే తెండి, గాజు సీసా వద్దు, అది ఫ్లోరైడ్ లెక్కను తప్పిస్తుంది.