స్పీకరు లేకుండ గిటారు రికార్డింగు

విద్యుత్ గిటారు వాద్యమునకు అంగములు మూడు. తీగలు గల గిటారు మొదటిది. అందుండి వచ్చు సన్నని విద్యుత్ సంకేతమును పెంచు ఆంప్లిఫయరు రెండవది. ఆ సంకేతమును నాదముగా మార్చు స్పీకరు పెట్టె మూడవది. సాధారణముగా ఈ పెట్టె యెదుట మైక్రోఫోను నుంచి రికార్డు చేయుదురు.

వాల్వులతో పనిచేయు ఆంప్లిఫయరు హెచ్చు స్థాయిలో పలికించినపుడే, గిటారు వాద్యకులు కోరు నిండైన నాదము నిచ్చును. 50 వాట్ల యంత్రమును అట్లు పలికించినచో ఇంటివారికే కాదు, ఇరుగుపొరుగువారికిని నిద్ర ఉండదు. అందుచేత పెట్టెను తొలగించి, ఆంప్లిఫయరునుండి నేరుగా రికార్డరునకు తీగ కలుపరాదా యను ప్రశ్న పుట్టును. కలుపవచ్చును. కాని స్పీకరు చేయు పనులు రెండు. ఆ రెండింటికిని బదులు ఏర్పరచిన పిదపనే కలుపవలెను.

మొదటి పని శక్తిని స్వీకరించుట. వాల్వు ఆంప్లిఫయరు చివర ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉండును. పూర్వపు వాల్వు రేడియోలలోను ఇట్టిది ఉండెడిది. 4, 8 లేక 16 ఓముల స్పీకరు తగిలించుటకై దానిని నిర్మింతురు. ఏమియు తగిలింపక వాయించినచో, అందు నిలిచిన అయస్కాంత శక్తికి పోవు దారి లేక, వాల్వుల వైపు చుట్టలో వోల్టేజి విపరీతముగా పెరుగును. ఇన్సులేషను దెబ్బతిని ట్రాన్స్‌ఫార్మరు పాడు కావచ్చును. గది నిశ్శబ్దముగా ఉండుటచే ఈ అపాయము చెవికి తెలియదు. ట్రాన్సిస్టరు యంత్రములలో పెక్కింటికి స్పీకరు లేకున్నను హాని లేదు. వాటికి శత్రువు షార్టు సర్క్యూటు.

కావున వాల్వు యంత్రమునకు స్పీకరు బదులు డమ్మీ లోడు తగిలింపవలెను. దాని ఓములు యంత్రముపై వ్రాసిన ఓములకు సరిపోవలెను. 50 వాట్ల యంత్రమునకు 100 వాట్లు తాళు లోడు క్షేమకరము. ఏలనన నాదము చిట్లునంతగా పలికించినపుడు యంత్రము తన పేరిటి శక్తిని మించి ఇచ్చును. లోడు మిక్కిలి వేడెక్కును గనుక గాలి తగులుచోట ఉంచవలెను.

ఆంప్లిఫయరు స్పీకరు తీగను సూటిగా రికార్డరు మైక్రోఫోను సాకెట్టులో పెట్టుటయు తగదు. 8 ఓములలో 50 వాట్లనగా 20 వోల్టులు. మైక్రోఫోను ఇచ్చునది సాధారణముగా వోల్టులో వేయవవంతులు మాత్రమే. లోడునుండి సంకేతమును తగ్గించి యిచ్చు పరికరము నడుమ ఉండితీరవలెను.

స్పీకరు రెండవ పని నాదమును తీర్చుట. వీణకు కుండ యెట్టిదో, గిటారునకు ఈ పెట్టె అట్టిది. 12 అంగుళముల గిటారు స్పీకరు సెకనుకు సుమారు 5,000 కంపనములకు పైబడిన ధ్వనులను మిక్కిలి తగ్గించివేయును. అది లేనిచో ఆ పై ధ్వనులన్నియు బయటపడి, తేనెటీగల రొదవలె వినిపించును. లండనులో బీటిల్స్ బృందమువారు 1968లో ‘రెవల్యూషన్’ పాటకు ఆంప్లిఫయరు కూడ లేకుండ గిటారును స్టూడియో మిక్సరుకే కలిపి, అట్టి పరుషనాదమును కోరి తెచ్చుకొనిరి. కాని ప్రతి పాటకు అది నప్పదు.

దీనికి బదులు, పై ధ్వనులను వడకట్టు ఫిల్టరు. నేడు కంప్యూటరులో ఇంకను మేలైన మార్గము కలదు. ఒక స్పీకరు పెట్టె, దాని యెదుటి మైక్రోఫోను కలిసి ధ్వనిని మార్చు తీరును ముందుగా కొలిచి భద్రపరతురు. దీనిని ఇంపల్స్ రెస్పాన్స్ అందురు. రికార్డు చేసిన సంకేతమునకు దానిని అన్వయించిన, ఆ పెట్టెలో పలికినట్లే వినవచ్చును. వాయించిన పిమ్మట పెట్టెను మార్చి చూచుకొను సౌకర్యమును దీనివలన కలుగును.

ఒక్క వరుస మాత్రము తప్పరాదు. ఆంప్లిఫయరు ఆపియున్నపుడే లోడు తగిలించి, ఓములు సరిచూచి, అటుపిమ్మట స్విచ్చి వేయవలెను. విప్పునపుడు ముందుగా స్విచ్చి ఆపి, తరువాతనే తీగ తీయవలెను. ఫిల్టరు లోపించినచో చెడునది ఆనాటి నాదమే. లోడు లోపించినచో చెడునది యంత్రము.