తుపాను కొండదారి పట్టిన నాడు

(మన సంఘ సర్వసభ్య సమావేశమున పర్లాకిమిడి వర్తక సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



వర్తకుడు నోరు విప్పిన ధరవరలను గూర్చియే మాటలాడునని మీరు తలంచియుందురు. ధరల మాటయు వచ్చును గాని అది నడుమ వచ్చును. ఆశ్వయుజము దగ్గర పడుచున్నది గనుక, 2018 నాటి తిత్లీ తుపానును గూర్చి నాలుగు మాటలు చెప్పుదునని కార్యదర్శిగారితో ముందుగనే మనవి చేసితిని.

యానామునుండి వచ్చిన బంధువులకు తుపాను క్రొత్త కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను, యానామును ఊడ్చివేసిన గాలిని వారు కన్నులార చూచిరి. బరంపురమువారు 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరము దాటిన ఫైలిన్‌ను ఎరుగుదురు. మేము పర్లాకిమిడివారము. మాకు సముద్రము కనబడదు, కనబడునవి కొండలు. తుపాననగా సముద్రపు ఒడ్డువారి కష్టమనియు, మనకు వచ్చునది రెండు దినముల ముసురు మాత్రమే యనియు మా ఊరిలో పెద్దలు చెప్పుకొనుట వాడుక. ఆ మాట ఎన్నో ఏండ్లు నిజమైనది కూడ.

తిత్లీ యనగా సీతాకోకచిలుక. ఆ పేరు సూచించినది పాకిస్తాను. పేరు ముద్దుగానే యున్నది. అక్టోబరు 8న వాయుగుండమై, 9న తుపానై, 10న అతి తీవ్ర తుపానుగా ముదిరి, 11వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర గంటల నడుమ పలాస సమీపమున తీరము దాటినది. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్లు. విసురు వచ్చినప్పుడు 165. వాతావరణ శాఖవారు ముందుగా హెచ్చరింపలేదనుట న్యాయము కాదు. హెచ్చరించిరి. అయితే జనుల కన్ను తీరము మీదనే యుండెను. 10వ తేదీ రాత్రి మా వీధిలో నవరాత్రుల సందడియే గాని కిటికీలు బిగించుకొన్న ఇండ్లు ఎక్కువగా లేవు.

తెల్లవారకముందే రేకులు ఎగురు చప్పుడు విన్నాము. గాలి మొదట ఒక దిక్కునుండి వీచి మా పెరటి మామిడిని ఒక ప్రక్కకు వంచినది. అది ఎటులో తట్టుకొని నిలిచినది. కొంతసేపటికి గాలి దిక్కు మార్చినది. అప్పుడు చెట్టు వేళ్లతో సహా పెకలి గోదాము మీద పడినది. ఇది తెలిసికొనదగిన సంగతి. తుపాను గాలి సుడి తిరుగుచు ముందుకు పోవును గనుక, సుడి నడిబొడ్డు దాటినంతనే గాలి ఎదురు దిక్కునుండి వచ్చును. నడుమ కొంచెము నెమ్మదించినప్పుడు తీరిపోయినదనుకొని బయటికి వచ్చువారే దెబ్బ తినుట కలదు. గోదాములోని చింతపండు, పసుపు తడిసినవి. దానిని గూర్చి ఇంతకంటె చెప్పను. అంతకంటె పోగొట్టుకొన్నవారు ఈ సభలో నున్నారు.

గాలి కొన్ని గంటల పని. వాన అట్లు కాదు. తీరము దాటిన తుపానునకు నేలమీద నీటియావిరి దొరకదు గనుక అది నీరసించుట సహజము. తిత్లీయు నీరసించినది. కాని పడమరగా సాగిపోక ఈశాన్యమునకు తిరిగి, ఒడిశా లోపలి సీమలమీదుగా బెంగాలు వైపు మరలినది. ఆ మలుపులో మా కొండలున్నవి. మహేంద్రగిరి ఎత్తు 1,500 మీటర్లు. సముద్రపు తేమతో బరువెక్కిన గాలి అట్టి కొండలకు తగిలి పైకెక్కును. ఎక్కిన కొలది చల్లబడును. చల్లబడిన కొలది కురియును. ఆ నీరంతయు మహేంద్రతనయలోనికి, వంశధారలోనికి ఒక్కసారిగా దిగినది. గోదావరి వరద వచ్చునప్పుడు ఎగువనుండి వార్త వచ్చును, మూట కట్టుకొనుటకు సమయముండును. కొండయేటికి అంత ఓపిక లేదు.

కొండమీద జరిగినది ఇంకను ఘోరము. మా గజపతి జిల్లాలోని బరఘర గ్రామమువారు ఇండ్లు నిలువవని భయపడి గుహవంటి చోటున తలదాచుకొనిరి. కొండచరియ విరిగి వారిమీద పడినది. పదిమందికి పైగా పోయిరి. వారు వినక చెడినవారు కారు. ప్రాణము కాపాడుకొనవలెనని కదలినవారే. తీరమున తుపాను షెల్టరు ఎచ్చట నున్నదో పిల్లవాడు కూడ చెప్పగలడు. కొండవాలున నున్నవాడు ఎచ్చటికి పోవలెను? ఏ వాలు జారును, ఏది నిలుచును అని వానికి ముందుగా చూపించినవారెవరు?

ఇచ్చట ఒక మాట. మనము భాషా అల్పసంఖ్యాకులము. మన బడులలో తెలుగు పంతులు లేడని, కాగితములు తెలుగులో రావని ఈ సభలలో ఎన్నిమార్లు వాపోయితిమో లెక్క లేదు. ఆ తుపాను నాడు మనకు ఒడియాలోను తెలిసినది, పాతపట్నము బంధువుల వలన తెలుగులోను తెలిసినది. కొండమీది సవరకు ఎవరు ఏ భాషలో చెప్పవలెను? గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊరి బడిలో ఉపాధ్యాయులై యుండి సవర భాష నేర్చి, దానికి నిఘంటువు కూర్చిరి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు వారు ఊరు విడిచి పోయిరి. (వాడుక భాషకై పోరాడిన ఆ మహనీయుడు నా ఈ గ్రాంథికము విన్నచో నవ్వియుందురు, అది వేరు మాట.) సంతలలో సవరలతో చింతపండు బేరమాడునంతటి భాష మన వర్తకులలో అనేకులకు వచ్చును. బేరమునకు వచ్చిన భాష హెచ్చరికకు ఏల రాకూడదు?

ఇక ధరలు. విద్యుత్తు పోయినది, సెల్‌ఫోనులు మూగవోయినవి. ఆ సాయంకాలమే మా బజారులో ఒక కొట్టున పది రూపాయల కొవ్వొత్తి ఇరువదియైదు పలికినది. పేరు చెప్పను. ఆయన వాదము సరకు కరవైనదని. నేను వర్తకుడను, లెక్క నాకును తెలియును. లారీ చుట్టుదారిన వచ్చి కిరాయి పెరిగినచో ఆ సరకు మీద ఆ కిరాయి వేసికొనుట న్యాయము. కాని ఆ కొవ్వొత్తులు తుపానుకు ముందే పాత ధరకు కొని అటకమీద పెట్టినవి. వానిమీద పెరిగిన కిరాయి యేది? మూడు తరములుగా మన కొట్లు ఈ ఊళ్లలో నిలిచియున్నవన్న, అది మనవారి సంఖ్యాబలము వలన కాదు. తూకము మీద ఊరివారికి గల నమ్మకము వలన. ఆ నమ్మకము పదునైదు రూపాయల లాభమునకు అమ్ముకొనదగినది కాదు.

సరిహద్దు చిక్కు మరియొకటి. మాకు పాతపట్నము నడిచిపోదగిన దూరము. నడుమ రాష్ట్రపు గీత. మన ఆడబిడ్డలు మెట్టినది ఉద్దానము. అచ్చట కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగినవి. కొబ్బరిమొక్క నాటిన పిదప కాపునకు ఐదారేండ్లు పట్టును గదా. ఇల్లు ఇటు, తోట అటు గల కుటుంబములు మనలో అనేకము. అట్టి ముసలాయన యొకరు రేషను కార్డు ఇచ్చటిది, పాసుపుస్తకము అచ్చటిది పట్టుకొని రెండు కార్యాలయముల నడుమ నెలల తరబడి తిరిగెను. ఇటువారు అటు పొమ్మనిరి, అటువారు ఇటు పొమ్మనిరి. ఆయన కాగితములలో సగము వానకు తడిసి అక్షరములు పోయినవి.

కావున నేను కోరునవి కొంచెమే. ప్రతి కుటుంబమువారును భూమి పత్రముల, కార్డుల నకళ్లు ప్లాస్టిక్ సంచిలో పెట్టి సంఘపు ఇనుపపెట్టెలో ఉంచవలెను. సంఘము ఇరువది టార్పాలిన్లు కొని నిలువ యుంచవలెను. అందు అయిదింటి సొమ్ము నేనిచ్చెదను. వర్తకులు ఆశ్వయుజ, కార్తికములలో తుపాను వచ్చినచో నిలువ సరకు పాతధరకే అమ్ముదుమని చేవ్రాలు చేయవలెను. సవర భాష తెలిసినవారు తమ పేర్లు వేరుగా వ్రాయించవలెను. సంతదినముల వంతు నిర్ణయించుకొందము. పుస్తకము ద్వారము వద్ద బల్లమీద నున్నది, కలము కూడ నున్నది. భోజనములకు లేచునప్పుడు వరుసగా అటువైపునుండి రండు.