చిప్పకు విలువ వస్తే రైతుకు వాటా ఎంత?

(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోడియం బ్యాటరీల మాట ఈ మధ్య తరచూ వింటున్నాం. సోడియం మనం కూరలో వేసుకునే ఉప్పులోనే ఉంది. లిథియంలా దేశదేశాలు వెతకనక్కర్లేదు. ఈ బ్యాటరీలు రూపొందించే బ్రిటన్ కంపెనీ ఫారడియన్‌ను మన రిలయన్స్ 2022లో కొనేసింది. పెద్ద కంపెనీలు ముందుచూపుతో ఉన్నాయి. మరి మనం?

ఇందులో రైతుకేం పని అంటారా? ఛార్జింగ్ పెట్టినప్పుడు సోడియం వెళ్లి కూర్చునే భాగం ఆనోడ్. లిథియం బ్యాటరీలో అక్కడ గ్రాఫైట్ వాడతారు. సోడియం అయాన్ గ్రాఫైట్ పొరల మధ్య సరిగ్గా ఇమడదు. అందుకే హార్డ్ కార్బన్ అనే గట్టి బొగ్గు కావాలి. అందులో పొరలు దొంతి పెట్టినట్టు కాక చిందరవందరగా ఉంటాయి. ఆ సందుల్లో సోడియం చేరుతుంది. కెనడా శాస్త్రవేత్తలు స్టీవెన్స్, డాన్ 2000లోనే ఈ సంగతి చూపించారు.

జపాన్‌కు చెందిన కురారే కంపెనీ ఈ బొగ్గును కొబ్బరి చిప్పలతో చేస్తోంది. ప్రయోగశాలల్లో వరి ఊకతోనూ చేశారు. అయితే ఇది మన బట్టీ బొగ్గు కాదు. గాలి తగలకుండా 1,000 నుంచి 1,500 డిగ్రీల వేడిలో కాల్చాలి. సిలికా, ఇతర లవణాలు కడిగేయాలి. బొగ్గుకు పైకి తెరుచుకున్న రంధ్రాలు ఎక్కువైతే, మొదటి ఛార్జింగ్‌లోనే కొంత సోడియం పొరకట్టి తిరిగి రాదు. వేలసార్లు ఛార్జింగ్ చేసినా నిలవాలంటే ముడిసరుకు శుభ్రంగా, ఒకే రకంగా ఉండాలి.

మన బలం ఇక్కడే ఉంది. ఆరబెట్టేది, మట్టి లేకుండా చూసేది, రకం వేరుచేసేది మనమూ మన కూలీలూ. ఆ పనికి ధర రావాలి. చెత్త ధరకు అమ్మితే లాభమంతా మధ్య దళారికే.

అలాగని అప్పుచేసి యంత్రాలు కొనొద్దు. హార్డ్ కార్బన్‌ను నేలబొగ్గుతోనూ, రెసిన్లతోనూ చేస్తారు. లిథియం ధర పడిపోతే సోడియం గిరాకీ తగ్గుతుంది. పొలంలో మిగిలిందంతా ఊడ్చి అమ్మకూడదు కూడా. గడ్డిలో ఉన్న పొటాష్ పోతే, దాన్నే మళ్లీ బస్తాల్లో కొనుక్కోవాలి.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. తేమ, బూడిద శాతం మన కళ్లముందే పరీక్షించి, దాన్నిబట్టి ధర కట్టాలి. కొనుగోలు రైతు సంఘాల ద్వారా, రాతపూర్వక ఒప్పందంతో జరగాలి. పంట వేసింది కౌలు రైతయితే డబ్బు అతని చేతికే అందాలి. కొనేవాడు గుమ్మం ముందుకు వచ్చాక కాదు, ఇప్పుడే ప్రతి గ్రామ కమిటీలో ఈ మూడింటినీ చర్చకు పెట్టండి.