ఆకాశవార్తల వడపోత



రాత్రి భోజనమైన పిమ్మట మీరు రేడియో పెట్టె యెదుట కూర్చుండి మర త్రిప్పుదురు. ముల్లు మెల్లగా జరుగును. ఒకచోట గరగర, ఒకచోట ఎవరిదో తెలియని భాష, ఒకచోట సన్నని యీల. ఆపైన పరిచితమైన కంఠమొకటి స్పష్టముగా వినబడును. అప్పుడు మీరు మరమీది చేయి తీసివేయుదురు. ఆ క్షణమున మిగిలిన స్టేషనులన్నియు నోరు మూసికొన్నవని కాదు. అవి యన్నియు మీ ఏరియలు తీగకు తగులుచునే యున్నవి. మీ పెట్టెలోని తీగచుట్టయు కండెన్సరును కలిసి ఒక్కదానికి దారి యిచ్చి, తక్కినవానిని గుమ్మము బయట నిలిపినవి. రేడియో వినుటలో సగము పని, అక్కరలేనిది వినకుండుటయే.

ఈ వినకుండుట యను విద్యను గురించి నేడు కొంత ముచ్చటింప దలచితిమి. మా యుదాహరణము అమెచ్యూరు రేడియో లోకమునుండి తీసికొన్నది.

మేము ఉద్యోగముచేత ప్రసారకులము, అభిరుచిచేత అమెచ్యూరులము. లాభాపేక్ష లేక, ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణుడై, అనుమతి పొంది, తన యింటినుండి తన యంత్రముతో లోకముతో సంభాషించువాడు అమెచ్యూరు. వీరినే హాములందురు. ప్రతివానికి ఒక పిలుపుగుర్తు ఉండును. మన దేశమువారి గుర్తులు సాధారణముగా వీయూ2 అనియో వీయూ3 అనియో మొదలగును. అండమాను, నికోబారు దీవులకు వీయూ4, లక్షద్వీపములకు వీయూ7. దేశములను, దూరదీవులను కలిపి అమెచ్యూరులు లెక్కించుకొను పట్టికలో సుమారు 340 పేర్లున్నవి. వానిలో కొన్నిచోట్ల హాములు వేలకొలదిగా ఉందురు; కొన్నిచోట్ల ఒక్కరును ఉండరు. అట్టి చోటికి ఎవరైన పనిగట్టుకొని పోయి పదిదినములు పలికినచో, ఆ పదిదినములే అదను. అది దాటినచో మరల ఎన్ని యేండ్లకో!

అయితే ఆ స్టేషను ఏ గడియలో, ఏ ఫ్రీక్వెన్సీపై పలుకుచున్నదో తెలియుటెట్లు? పూర్వము గంటలకొలది ముల్లు త్రిప్పుచు వెదకుట, దొరికినవారు మిత్రులకు టెలిఫోనులో చెప్పుట, ఇంతియే ఉపాయము. 1980ల చివర అమెరికా అమెచ్యూరులు తమ కంప్యూటరులను రేడియోతోనే ఒకదానికొకటి కలిపి, ఈ కబురు పంచుకొను ఏర్పాటు చేసిరి. దానికి క్లస్టరు అని పేరు. ఒక్కొక్క కబురు ఒక స్పాటు. స్పాటు ఒక్క పంక్తి మాత్రమే. అందులో విన్నవారి గుర్తు, ఫ్రీక్వెన్సీ, వినబడినవారి గుర్తు, నాలుగు మాటల వ్యాఖ్య, గ్రీనిచ్ కాలము, ఈ అయిదును ఉండును. ఒక కేంద్రమునకు చేరిన పంక్తి పొరుగు కేంద్రమునకు, అక్కడినుండి మరియొకదానికి పోవును. ఒకే కబురు రెండు దారుల వచ్చినచో రెండవదానిని కేంద్రము పారవేయును. అంతులేక తిరుగకుండుటకై ప్రతి పంక్తికిని ఇన్ని మజిలీలని లెక్క కట్టి, మజిలీకి ఒకటి తగ్గింతురు; లెక్క సున్న అయినచోట ఆ కబురు ఆగిపోవును. 1990లలో ఈ కేంద్రములు ఇంటర్నెట్టుతో ముడిపడినవి. నాటినుండి బ్రెజిలులో విన్నది బెజవాడలో తెలియుటకు క్షణములు చాలును.

సౌకర్యము పెరిగినకొలది చిక్కు పెరిగినది. 2008లో మోర్సు సంకేతములను తానే విని, తానే చదువు కంప్యూటరు కార్యక్రమమొకటి వెలువడెను. మనిషి ఒకసారి ఒక్క స్టేషనును వినును. ఇది బ్యాండులోని సంకేతములను పెక్కింటిని ఒక్కసారిగా వినును. అట్టి యంత్రములు లోకమంతట కూర్చుండి, నిద్రాహారములు లేక స్పాటులు పంపసాగినవి. ప్రతి యేట నవంబరు చివరి పూర్తి వారాంతమున 48 గంటలపాటు మోర్సులో ప్రపంచ పోటీ జరుగును. ఆ రెండు దినములు క్లస్టరు తెరను చూచితిరా, కృష్ణకు వరద వచ్చినపుడు రేవున నిలిచినట్లుండును. చదువబోయిన పంక్తి చదువకమునుపే కొట్టుకొనిపోవును. అన్నియు తెలుపు తెర ఏమియు తెలుపని తెరయైనది.

అందువలన వడపోత పుట్టినది. ఇది రెండు విధములు. మన యిండ్లలోని చేట, జల్లెడలతో దీనిని చెప్పవచ్చును. చేటతో చెరిగినపుడు పొట్టు ఎగిరిపోవును, తక్కినదంతయు నిలుచును. క్లస్టరులో దీని పేరు రిజెక్టు. "మోర్సు స్పాటులు వలదు" అని ఒక్క మాట చెప్పినచో అవి పోవును, మిగిలినవన్నియు వచ్చును. జల్లెడలో కన్నమునకు సరిపడినది మాత్రమే దిగును, తక్కినదంతయు పైననే ఉండిపోవును. దీని పేరు యాక్సెప్టు. "14 మెగాహెర్ట్జు బ్యాండుది మాత్రమే ఇమ్ము" అన్నచో అది తప్ప వేరొకటి రాదు. చేట పట్టినవాడు చెప్పనిది వచ్చును. జల్లెడ పట్టినవాడు చెప్పనిది రాదు. ఈ భేదము చిన్నదిగా కనబడును. చాలమంది చిక్కుకొనునది ఇచ్చటనే. మేమును చిక్కుకొంటిమి.

ఆ కథ చెప్పుటకు ముందొక సంగతి మనవి చేయవలెను. రేడియో తరంగములు దూరదేశములు చేరుట అయనావరణము దయ. భూమికి ఎత్తున, సూర్యకాంతిచేత విద్యుదావేశము పొందిన వాయుపొర అది. తరంగములను వంచి మరల భూమికి దింపును. పగలొక తీరు, రాత్రియొక తీరు. సూర్యుని కళలు హెచ్చినపుడొకటి, తగ్గినపుడొకటి. కావున ఫ్లోరిడాలో ఒకరికి గంటానాదమువలె వినబడిన స్టేషను మనకు అణుమాత్రమైనను వినబడకపోవచ్చును. ఫ్లోరిడావాని స్పాటు సత్యమే, కాని మనకది నిరుపయోగము. మనకు పనికివచ్చునది పొరుగువాని చెవి. అమెచ్యూరులు భూగోళమును 40 మండలములుగా విభజించిరి. భారతదేశము, సింహళము, మాల్దీవులు 22వ మండలమున ఉన్నవి. గల్ఫు దేశములు 21, తూర్పు చీనా 24, బర్మా, శ్యాము దేశములు 26, మలయా, ఇండోనేషియాలు 28. ఈ మండలములలో ఎవరైన విన్నచో మనకును వినబడుటకు అవకాశము హెచ్చు. కనుక వడపోతలో అడుగవలసిన మొదటి ప్రశ్న "ఎవరు పలికిరి?" అని కాదు, "ఎవరు విన్నారు?" అని.

ఇది మేము పుస్తకమున చదివియే యుంటిమి. ఒక శీతకాలపు సాయంకాలము జల్లెడ బిగించి, యంత్రము ముందు కూర్చుంటిమి. గంట గడచెను. తెరపై రెండో మూడో పంక్తులు. అవియు మన దేశమువారి గుర్తులే. సూర్యునిపై తుఫాను రేగి బ్యాండు మూతపడినదనుకొంటిమి. తరువాత ఏరియలుపై అనుమానము కలిగెను. టార్చిలైటు పట్టుకొని మేడ యెక్కి, తీగను కొసనుండి కొసవరకు తడిమితిమి. పొరుగింటి పిన్నిగారు పిట్టగోడ ఆవలినుండి, "ఏమి పోయినది నాయనా?" అని అడిగిరి. "లోకము పోయినదండీ" అని చెప్పి దిగివచ్చితిమి. చివరకు మా వడపోతను మాకే చూపుమని క్లస్టరును అడిగినపుడు గుట్టు బయటపడెను. విన్నవారి మండలము 22 అని వ్రాయవలసినచోట, వినబడినవారి మండలము 22 అని వ్రాసితిమి. ఒక్క మాట తేడా! లోకమంతయు మాట్లాడుచునే యున్నది. మేము మాత్రము మా పెరటివారి మాటకే తలుపు తెరచి, తక్కినదంతయు నిశ్శబ్దమని నమ్మితిమి. పసిఫిక్ దీవినుండి పలికిన స్టేషనొకటి ఆ సాయంకాలమే మన ప్రాంతమునకు చక్కగా వినబడినదని మరునాడు మిత్రుడు చెప్పెను. నాటినుండి తెర మూగయైనపుడు, ఆకాశమును శంకించుటకు ముందు మా జల్లెడను శంకించుట అలవాటు చేసికొంటిమి.

వచ్చిన కబురెల్ల నిజమా యనునది వేరొక ప్రశ్న. మోర్సు సంకేతములలో 3 అంకెకు మూడు చుక్కలు, రెండు గీతలు. 4 అంకెకు నాలుగు చుక్కలు, ఒక గీత. నడుమ తేడా నాలుగవ గుర్తు మాత్రమే. గరగరలో ఆ ఒక్క గీత చుక్కగా వినబడినచో, మన వీధిలోని వీయూ3 క్షణములో అండమానుల వీయూ4 అయిపోవును! అట్టి స్పాటొకటి లేచినచో ఖండాంతరములనుండి అందరును ఆ ఫ్రీక్వెన్సీకి పరుగిడుదురు. అక్కడ ఉన్న పాపము ఆ పిల్లవాడు ఇంతమంది తననేల పిలుచుచున్నారో తెలియక తికమకపడును. దీనికి మందు ఏమనగా, ఒక్కచోటినుండి వచ్చిన కబురును పక్కన పెట్టి, వేర్వేరు చోట్ల ముగ్గురు నలుగురు అదే గుర్తు విన్నపుడు నమ్ముట. అప్పటికిని, గుర్తును మన చెవితో వినిన పిదపనే పుస్తకమున వ్రాసికొనుట. స్పాటు దారి చూపు వ్రేలు మాత్రమే. చెవి మనదే కావలెను.

ఇంతవరకు చెప్పినది వినోదమునకు సంబంధించినది. తప్పినను ఒక సాయంకాలము పోవును, అంతకుమించి నష్టము లేదు. కాని వడపోత ప్రాణములకు సంబంధించిన సందర్భము కూడ కలదు.

2004 డిసెంబరులో, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున, శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము పోర్ట్ బ్లెయిరు చేరెను. అండమానులు ఏండ్ల తరబడి అమెచ్యూరు బ్యాండులపై వినబడలేదు. వీయూ4ఆర్‌బీఐ అను గుర్తు మ్రోగగానే లోకమంతయు ఆ దిక్కునకు చెవి యొగ్గెను. డిసెంబరు 26వ తేదీ ఉదయము 6 గంటల 29 నిమిషములకు సముద్రగర్భమున భూమి కంపించెను. వెనువెంటనే సునామీ దీవులపై విరుచుకొనిపడెను. మామూలు వార్తామార్గములు తెగిపోయినవి. అండమానులను సంపాదించితిమి అని వేలమంది సంతసించుటకై పెట్టిన ఆ యంత్రము, ఆనాటినుండి ఆప్తుల క్షేమము తెలుపు యంత్రమైనది. బంధువులు బ్రతికియున్నారా యని ప్రధాన భూమినుండి అడుగువారికి అమెచ్యూరులు జవాబు మోసికొని వచ్చిరి. తరువాత కారు నికోబారు దీవికి కూడ హాములు పోయి పనిచేసిరి.

ఇచ్చట మేము చెప్పదలచిన ముఖ్యవిషయమున్నది. అమెచ్యూరులలో పలువురు వాడు వడపోత యొకటి కలదు: "నాకు ఇదివరకే దొరికిన దేశముల స్పాటులు మరల చూపవలదు" అని. చాల సదుపాయమైనది, మేమును వాడుదుము. కాని డిసెంబరు 25వ తేదీకే అండమానులతో మాటాడి, వీయూ4కు తలుపు మూసికొన్నవాని సంగతి ఆలోచింపుడు. 26వ తేదీన ఆ గుర్తు తిరిగి తెరపైకి వచ్చినను వానికి కనబడదు. వాని జల్లెడ తప్పు చేయలేదు, చెప్పినట్లే చేసినది. నిన్నటి అక్కరను బట్టి బిగించిన జల్లెడకు నేటి యాపద తెలియదు. అటువంటివాడు సాయపడు చేతులలో ఒకటి తగ్గించుటయే కాదు, అత్యవసర సంభాషణ జరుగు ఫ్రీక్వెన్సీపై తెలియక పలికి, దానికి అడ్డుపడుటయు సంభవింపవచ్చును.

కనుక మేమొక నియమము పెట్టుకొంటిమి. స్పాటులకు ఎంత సన్నని జల్లెడయైన పట్టుదుము. కాని క్లస్టరులో స్పాటులు వేరు, ప్రకటనలు వేరు. రెండింటికి వడపోతలును వేర్వేరు. ప్రకటనల కిటికీని మేము మూయము. ఎవరో పాతయంత్రము అమ్మజూపుదురు, ఎవరో కుశలమడుగుదురు, నిజమే. ఆ మాత్రపు దుమ్ము లోనికి రానిత్తుము. "ఈ ఫ్రీక్వెన్సీని విడిచిపెట్టుడు, ఇచ్చట ఆపదలో ఉన్నవారు పలుకుచున్నారు" అను కబురు ఏనాడైన వచ్చినచో, అది వచ్చునది ఆ కిటికీలోనుండియే. మరియు నెలకొకసారి జల్లెడలన్నియు విప్పివేసి, ఒక గంటసేపు వరదను వరదగా చూతుము. మనమేమి వినుట మానివేసితిమో అప్పుడు గాని తెలియదు.

మా ఉద్యోగమున కూడ ఇదియే పాఠము. పదినిమిషముల వార్తలకై పుట్టెడు కబుర్లు వచ్చును. చాల భాగము బుట్టలో పడును. వేయక తప్పదు. కాని బుట్టలో వేయు చేతికి, తాను వేయుచున్నదేమో తెలిసియుండవలెను.

ఈ రాత్రి మీరు రేడియో మర త్రిప్పునపుడు, మీకు కావలసిన కంఠము దొరకగానే ఆగుదురు. ఆగుడు, మా కోరికయు అదియే! ఒక్క వారమున ఒకసారి మాత్రము, ముల్లును ఈ కొసనుండి ఆ కొసవరకు నెమ్మదిగా నడిపించి చూడుడు. గరగరల నడుమ మీరు అడుగని కంఠమేదో మిమ్ములను పిలుచుచుండవచ్చును.