వృద్ధసేవ: సంఘసేవకుల కర్తవ్యము



ఈ వార్షికసభయందు వృద్ధుల పోషణమును గూర్చి నాలుగు మాటలు మనవిచేయ నవకాశ మొసగిన సంఘపెద్దలకు మేము కృతజ్ఞులము.

మన దొనకొండ ప్రాంతము వర్షాధారమగు మెట్టసీమ. వాన తప్పిన యేట పడుచువారు రైలెక్కి పట్టణములకు కూలికై తరలిపోవుదురు. ముసలివారు ఇంటికి కావలి యుందురు. పశ్చిమ ప్రకాశమున పెక్కు గ్రామముల భూగర్భజలమున ఫ్లోరైడు మెండు. ఆ నీరు చిరకాలము త్రాగినవారికి కీళ్లు బిగిసి నడుము వంగును. ఇట్టివారికి కొడుకు పంపు పైకము చేరినను, కడవెడు మంచినీరు తెచ్చియిచ్చు చేయి యింట లేదు.

మనవారిలో దిక్కులేని వృద్ధులు లేరని కొందరందురు. పరువునకు వెరచి నోరు విప్పని తల్లి కడుపు నిండియున్నదని యెంచరాదు.

కొందరు దాతలు వృద్ధాశ్రమము కట్టింతుమనుచున్నారు. వారి యౌదార్యము కొనియాడదగినది. ఎవరును లేనివారికి అది యవసరమే. కాని ముసలివారిలో ననేకులు తమ గడప విడువ నొల్లరు. కావున భవనముకంటె ముందు, తరిఫీదు పొందిన సంఘసేవకులను, అందును స్త్రీలను, జీతమిచ్చి నియమింపవలెనని మా యభిప్రాయము. సంఘసేవకు దయ యొక్కటియే చాలదు. అది నేర్వవలసిన విద్య. 1936లో బొంబాయియందు సర్ దొరాబ్జీ టాటా పేర దానికై పాఠశాల వెలసినది.

వారమున కొకమారు ఇంటింటికి పోయి, తిన్నారా, మందు మ్రింగినారా యని విచారించుట వారి మొదటి పని. రెండవది కాగితముల పని. 2024 జూలై నుండి వృద్ధాప్యపింఛను నెలకు 4,000 రూపాయలైనది. వ్రేలిముద్ర లరిగి యంత్రమున పడనివారికి, ఆధారు కార్డులో వయస్సు తప్పుగా పడినవారికి తోడుపోవువారు కావలయును.

మూడవది చట్టసహాయము. 2007వ సంవత్సరపు చట్టము ననుసరించి, బిడ్డలు పోషింపని తల్లిదండ్రులు రెవిన్యూ డివిజనల్ అధికారి యెదుట మనవి చేసికొనవచ్చును. తాము పోలేనివారు అధికార మిచ్చినచో, వారి పక్షమున సంఘమైనను దరఖాస్తు పెట్టవచ్చును. పోషింతురను షరతుపై వ్రాసియిచ్చిన యాస్తిని, మాట తప్పినపుడు రద్దు చేయించుకొనవచ్చును. కావున దస్తావేజులో ఆ షరతును స్పష్టముగ వ్రాయించుట మేలు.

అయినను కచేరి కడపటి మెట్టు. కన్నబిడ్డపై దరఖాస్తు పెట్టుటకు తల్లి ప్రాణ మొప్పదు. సేవకులు ముందుగా కొడుకును, కోడలిని కూర్చుండబెట్టి వారి కష్టమును సయితము వినవలెను. పొలముపని, వంటపని చేసికొని, మంచము పట్టిన అత్తకు ఊడిగము చేయు కోడలికి ఒకపూట విశ్రాంతి కల్పించుటయు వృద్ధసేవయే.

కావున దాతలు ఈ సంవత్సరము ఒక్క సేవకురాలి జీతమైనను భరింపవలెననియు, ఆమె యే గడపను కులమడుగక సేవ చేయవలెననియు ఈ సభ తీర్మానింప ప్రార్థించుచు, సెలవు గైకొనుచున్నాము.